మధ్యవర్తికి డ్రోను కంటే అడంగలే ముఖ్యం

నర్సీపట్నం అబీద్ సెంటరులో టీకొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడితే చాలు, ఏదో ఒక భూమి బేరం చెవిన పడుతుంది. ఇదివరకు మధ్యవర్తి అంటే చంకలో చేతిసంచి, అందులో నలిగిపోయిన దస్తావేజు నకళ్లు. ఇప్పుడు సంచి పోయి సెల్‌ఫోను వచ్చింది. ఫోనులో డ్రోను తీసిన వీడియో, దానికి సినిమా పాట, రంగురంగుల ప్లాను. జీడిమామిడి తోట మధ్యన ఎర్ర కంకర రోడ్డు, ముఖద్వారానికి ఒక కమాను, అటూ ఇటూ కొబ్బరి మొక్కలు. చూసేవారికి అక్కడ అప్పుడే ఒక ఊరు వెలిసినట్టు తోస్తుంది.

ఈ హంగులు తప్పని అనడం లేదు. దూరాన విశాఖలోనో, హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకునే మన ఊరి కుర్రవాడికి స్థలం చూపడానికి వీడియో పనికివస్తుంది. కాని కొనేవాడికి తెలియవలసిన సంగతులు మూడు. ఆ భూమి ఎవరిది? ఎంత వుంది? అమ్మడానికి వీలున్నదా? ఈ మూడింటిలో ఒక్కదానికీ డ్రోను జవాబు చెప్పలేదు. జవాబు చెప్పే సాధనాలు వేరే వున్నాయి. వాటికయ్యే ఖర్చు కూడా బహు తక్కువ. అయినా మన మధ్యవర్తులలో చాలామంది బొమ్మ చూపే సాధనాలకు డబ్బు పోస్తున్నారు, నిజం చూపే సాధనాల జోలికి పోవడం లేదు. అభ్యంతరమల్లా ఇక్కడే.

కరణం పెట్టె నుంచి ఫోనుకు

పెద్దలకు గుర్తుండే వుంటుంది. 1984లో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయ్యే వరకు ఊరి భూముల లెక్క అంతా కరణంగారి పెట్టెలో వుండేది. అడంగల్ చూడాలంటే ఆయన తీరిక చూసుకుని అరుగు మీద పడిగాపులు పడవలసిందే. 1998 నవంబరులో రిజిస్ట్రేషను కార్యాలయాలకు కంప్యూటర్లు వచ్చాయి. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చాక అడంగల్, 1-బి రెండూ ఎవరి ఫోనులో వారే చూసుకునే వీలు కలిగింది. రైతుకు ఇంతటి సౌకర్యం తాతల నాడు లేదు. చేతిలో దీపం పెట్టుకుని గోతిలో పడ్డట్టు, ఇంత వీలున్నా కాగితం చూడకుండానే బయానాలు ఇస్తున్నవారు వున్నారు.

మధ్యవర్తి ముందుగా అలవాటు చేసుకోవలసింది ఈ పనినే. బేరం చేతికి రాగానే సర్వే నంబరు వేసి 1-బి చూడాలి. హక్కుదారు ఎవరో అది చెబుతుంది. సాగులో, అనుభవంలో ఎవరున్నారో అడంగల్ చెబుతుంది. రెండింటిలోనూ పేర్లు కలవకపోతే బేరం అక్కడ ఆపి, కారణం తెలుసుకోవాలి. రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. దస్తావేజులో పాత నంబరు, రికార్డులో కొత్త నంబరు వుంటే రెండూ ఒకే చెక్కవేనా అన్నది సచివాలయంలో సర్వేయరు చేత సరిచూపించాలి.

ఆ తరువాత ఈసీ. భూమి తాకట్టులో వున్నదీ, ఇదివరకే మరొకరికి అమ్ముడుపోయినదీ అందులో తెలుస్తుంది. అయితే రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే ఈసీలో కనిపిస్తాయి. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందం, అన్నదమ్ముల నోటిమాట పంపకం, వాటా అడగకుండా వూరుకున్న ఆడపడుచు హక్కు ఏ కంప్యూటరులోనూ దొరకవు. అవి ఊళ్లోకి వెళ్లి, నలుగురినీ అడిగి తెలుసుకోవలసినవే. మధ్యవర్తి కాలికి వున్న విలువ ఇందుకే ఇప్పటికీ తగ్గలేదు.

ఫోను కొలత గట్టు కాదు

ఇటీవల మరొక ముచ్చట వచ్చింది. ఫోను చేత పట్టుకుని పొలం చుట్టూ ఒకసారి తిరిగితే విస్తీర్ణం చెప్పే యాప్‌లు వచ్చాయి. కొందరు ఆ కొలత మీదనే ధర కట్టేస్తున్నారు. ఇది ప్రమాదం. మామూలు ఫోనులోని జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. చెట్ల నీడన, కొండ పక్కన తేడా ఇంకా పెరుగుతుంది.

లెక్క వేసి చూడండి. నలుచదరమైన ఎకరం పొలానికి ఒక్కొక్క పక్క సుమారు 209 అడుగులు. ఒక పక్క గట్టును ఫోను పది అడుగులు లోపలికో వెలుపలికో చూపితే 2,090 చదరపు అడుగుల తేడా వస్తుంది. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు కనుక ఇది దాదాపు 4.8 సెంట్లు. ఆ జాగాలో ఒక సంసారం ఇల్లు కట్టుకోవచ్చు. దారి కనుక్కోవడానికి ఫోను చాలు. గట్టు తేల్చడానికి మాత్రం ఎఫ్ఎంబీ పటం, సర్వేయరు వుండవలసిందే. రీసర్వేలో వాడిన రోవరు పరికరం సెంటీమీటర్ల తేడాతో హద్దు చూపగలదు. రెండు పక్షాల వారినీ, పక్క రైతులనూ నిలబెట్టి ఆ కొలత వేయిస్తే రేపటి తగాదా ఈనాడే తీరిపోతుంది. సర్వేకు అయ్యే ఖర్చు కోర్టు వాయిదాల ఖర్చుతో పోలిస్తే ఏపాటిది?

మన ప్రాంతానికి ప్రత్యేకం

నర్సీపట్నం మన్యానికి గుమ్మం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మనం అనకాపల్లి జిల్లాలో వున్నాం. ఘాట్ రోడ్డు ఎక్కితే వచ్చే చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాలో వుంది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కావడాన్ని 1970లో సవరించిన 1959 నాటి 1వ నిబంధన నిషేధిస్తున్నది. గిరిజనేతరుడు మరొక గిరిజనేతరుడికి అమ్మడానికి కూడా వీలులేదు. అయినా "కాఫీ తోట, చౌక ధర" అంటూ ఫోన్లలో బొమ్మలు తిరుగుతూనే వుంటాయి. కొన్నవాడికి దక్కదు, అసలు హక్కుదారైన గిరిజనుడికి అన్యాయం. అటువంటి బేరం తెచ్చే మధ్యవర్తి ఇద్దరికీ ద్రోహం చేస్తున్నట్టే.

కొండ దిగువన డి-పట్టా భూములూ, గెడ్డ పోరంబోకులూ వున్నాయి. భూమిలేని పేదకు ఇచ్చిన పట్టా చేతులు మారకుండా 1977లోనే చట్టం వచ్చింది. దానికి తరువాత సవరణలు జరిగాయి కనుక ఏ పట్టా సంగతి ఏమిటన్నది తహసీల్దారు కార్యాలయంలో తేల్చుకోవాలేగాని, మధ్యవర్తి మాట మీద నమ్మరాదు. రిజిస్ట్రేషనుకు వీలులేని భూముల జాబితా, అంటే జనం 22-ఏ అని పిలిచేది, ముందే చూసుకుంటే బయానా పోగొట్టుకునే బాధ తప్పుతుంది.

ఇళ్ల స్థలాల సంగతి వేరు. 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు పన్నెండున్నర సెంట్లకు, మించిన లేఅవుట్‌ను 2016 నాటి రెరా చట్టం కింద నమోదు చేయించనిదే ప్రకటించకూడదు, అమ్మకూడదు. అందులో స్థలాలు అమ్మించే ఏజెంటు కూడా రెరాలో నమోదై వుండాలి. ఉల్లంఘిస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున ఏజెంటుకు జరిమానా పడవచ్చు. లేఅవుట్ అనుమతి నంబరు, రెరా నంబరు, తన నమోదు నంబరు ఈ మూడూ కాగితం మీద అచ్చువేసి ఇవ్వగల ఏజెంటుకు కమాను బొమ్మతో పనిలేదు.

"ఇవన్నీ చూపిస్తే బేరం చెడుతుంది. పక్కవాడు ఎగరేసుకుపోతాడు" అని కొందరు మధ్యవర్తులు అంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. బేరం కుదిరితేనే కమిషను. నాలుగు నెలలు తిరిగి వట్టి చేతులతో ఇంటికి పోయే రోజులు వారికీ వున్నాయి. కాని చెడిపోవలసిన బేరం బయానాకు ముందు చెడితే పోయేది కమిషను ఒక్కటే. రిజిస్ట్రేషను అయ్యాక చెడితే కొన్నవాడి కష్టార్జితం పోతుంది, మధ్యవర్తి ఊళ్లో తలెత్తుకోలేడు. పది ఊళ్లలో పేరు చెప్పుకుని బతికే వృత్తి ఇది. పేరు పోయాక ఎంత ఖరీదైన ఫోనున్నా ఏం లాభం?

కనుక మధ్యవర్తికి కావలసిన సరంజామా పెద్దదేమీ కాదు. ఇంటర్నెట్ వున్న ఒక మామూలు ఫోను, కాగితాలు అచ్చుతీసే చోటు, నమ్మకమైన సర్వేయరు, ప్రతి బేరానికీ ఒక పేజీ కేటాయించిన లెక్కపుస్తకం. బయానా సొమ్ము బ్యాంకు ద్వారా నేరుగా అమ్మేవారి ఖాతాకే పోవాలి, మధ్యవర్తి జేబులోకి కాదు. ఇన్ని వుంటే చాలు. డబ్బు మిగిలితే అప్పుడు డ్రోను ఎగరేసుకోవచ్చు.

సచివాలయాల సిబ్బంది కూడా వారానికి ఒక పూటయినా ఫోను వాడకం తెలియని రైతులకు 1-బి, అడంగల్ చూసుకోవడం నేర్పితే ఎంతో మేలు జరుగుతుంది. సబ్-రిజిస్ట్రారు కార్యాలయం గుమ్మం దగ్గర, బయానాకు ముందు చూసుకోవలసిన కాగితాల పేర్లు పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాయించడం కష్టమైన పని కాదు.

ఇక కొనేవారికి ఒక్క మాట. మధ్యవర్తి తన ఫోనులో చూపించే కాగితం ఎన్నటిదో, ఎవరు దిద్దినదో మనకు తెలియదు. మన ఫోనులోనో, మన పిల్లల ఫోనులోనో, సచివాలయంలోనో మనమే తీయించుకున్న కాగితమే మనకు ఆధారం. అందుచేత వీడియో చూడకముందే, "సర్వే నంబరు చెప్పండి బాబూ, ముందు మేం చూసుకుంటాం" అని అడగండి. నంబరు వెంటనే చెప్పేవాడితో బేరం సాగించండి. నీళ్లు నమిలేవాడికి టీ తాగించి, నమస్కారం పెట్టి ఇంటికి రండి.