కనిపించినవన్నీ లెక్క కాదు

ఒక వీధిలో నాలుగిళ్ళలో పాలగిన్నెలు బోర్లాపడ్డాయి. నాలుగిళ్ళవారూ పిల్లిని చూశామన్నారు. మరి ఆ వీధిలో ఎన్ని పిల్లులున్నట్లు? వెంటనే ‘నాలుగు’ అని చెప్పేవారు తొందరపడినట్లే. ఒకే పిల్లి నాలుగిళ్ళూ తిరిగి వుండవచ్చు కదా!

ఈ చిన్న లెక్కే అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో పెద్ద తగవుకు కారణమైంది. అయితే అక్కడ పాలు తాగే పిల్లి కాదు, మొక్కజొన్న తినే నల్ల ఎలుగుబంటి.

ఆ రాష్ట్రంలో మిసిసిపీ నది పల్లపు భూముల వెంట దట్టమైన అడవులున్నాయి. అక్కడ తెల్లతోక జింకలను వేటాడటానికి ప్రభుత్వం ఏటా శరత్కాలం నుంచి చలికాలం దాకా అనుమతి ఇస్తుంది. వేటగాడు చెట్టు మీద మంచె కట్టుకుంటాడు. దగ్గరలో ఒక పెద్ద డబ్బా నిలబెట్టి, నిండా మొక్కజొన్న గింజలు పోస్తాడు. వేళకు గింజలు చల్లే యంత్రం దానికి వుంటుంది. జింకలు ఆ తిండికి అలవాటు పడతాయి. కానీ వాసన పట్టి ఎలుగు కూడా వస్తుంది. డబ్బాను పడదోసి గింజలన్నీ తినేస్తుంది. ఎలుగు తిరిగేచోట జింకలు బెదురుతాయి. చెట్టుకు కట్టిన కెమెరాలో రోజూ ఎలుగు బొమ్మే పడుతుంది. “ఎలుగులు మితిమీరిపోయాయి, వాటినీ కాల్చనివ్వండి” అని వేటగాళ్ళు అడుగుతున్నారు.

వారి బాధ అబద్ధం కాదు. డబ్బాకూ గింజలకూ సొమ్ము ఖర్చయింది. చీకటిపడ్డాక మంచె దిగేవాడికి కింద ఎలుగు కనబడితే గుండె ఝల్లుమంటుంది. అయినా తుపాకి ఎత్తేముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలని నా అభిప్రాయం. ఎలుగు ఎందుకు వచ్చింది? నిజంగా ఎన్ని వున్నాయి?

మొదటి ప్రశ్న చూద్దాం. శరత్కాలంలో ఎలుగుకు విపరీతమైన ఆకలి. చలికాలపు సుప్తావస్థకు కావలసిన కొవ్వును అది అప్పుడే కూడబెట్టుకోవాలి. మనిషికి రోజుకు 2,000 నుంచి 2,500 కేలరీలు చాలు. ఆ కాలంలో నల్ల ఎలుగు రోజుకు 20,000 కేలరీల దాకా తినగలదు. ఆడ ఎలుగుకు ఈ కొవ్వు మరీ ముఖ్యం. వేసవిలో జత కట్టినా పిండం వెంటనే పెరగదు. తల్లి ఒంట్లో తగినంత కొవ్వు చేరితేనే, శీతాకాలం ముందు అది గర్భాశయంలో నాటుకుంటుంది. చాలకపోతే ఆ యేడు పిల్లలే వుండవు. అడవిలో ఓక్ కాయలు సరిగా కాయని సంవత్సరం ఎలుగులు తిండి కోసం ఇంకా దూరం తిరుగుతాయి. అంటే కరువు వచ్చినప్పుడు కూడా అవి మనకు ఎక్కువగా కనిపిస్తాయి! అలాంటి సమయంలో అడవి మధ్య మొక్కజొన్న పోసి, ఎలుగు వచ్చిందని కోప్పడటం ఏం న్యాయం? బెల్లం ముక్క నేలమీద పెట్టి చీమలను తిడతామా?

ఇక రెండో ప్రశ్న. ఒకే ఎలుగు ఒక్క రాత్రి నాలుగు డబ్బాల దగ్గరకు పోగలదు. నాలుగు కెమెరాల్లో నాలుగు బొమ్మలు పడతాయి. అందుకే శాస్త్రజ్ఞులు ఒక తెలివైన ఉపాయం చేశారు. చెట్ల చుట్టూ ముళ్ళతీగ కట్టి, మధ్యలో ఎర పెడతారు. ఎలుగు తీగను దాటేటప్పుడు నాలుగు వెంట్రుకలు ముళ్ళకు చిక్కుకుంటాయి. దానికి దెబ్బ తగలదు. వెంట్రుక మొదట్లోని డి.ఎన్.ఏ.ను పరీక్షిస్తే ఏ వెంట్రుక ఏ ఎలుగుదో తెలిసిపోతుంది. మొదటిసారి చిక్కిన ఎలుగుల్లో ఎన్ని రెండోసారీ చిక్కాయో చూసి మొత్తం సంఖ్యను అంచనా కడతారు.

లెక్క ఎందుకింత ముఖ్యమో ఈ ఎలుగు చరిత్రే చెబుతుంది. 1902లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ పక్కనున్న మిసిసిపీ రాష్ట్రంలో వేటకు వెళ్ళాడు. చెట్టుకు కట్టేసిన ఎలుగును చూపితే, తాను కాల్చనన్నాడు. ‘టెడ్డీ బేర్’ బొమ్మకు ఆ పేరు వచ్చింది అందువల్లనే. అది ఈ జాతి ఎలుగే. తర్వాత సోయాచిక్కుడు వంటి పంటల కోసం పల్లపు అడవులను చాలావరకు నరికేశారు. ఎలుగులు బాగా తగ్గిపోయాయి. లూసియానాలో 1988లో ఎలుగు వేట ఆపారు. 1992లో వాటిని ముప్పులో వున్న జీవుల జాబితాలో చేర్చారు. పొలాల్లో మళ్ళీ చెట్లు నాటారు. ఎలుగులు కోలుకున్నాయి. 2016లో ఆ జాబితా నుంచి తీసివేశారు. 2024 డిసెంబరులో లాటరీ పద్ధతిన కొద్దిమందికి మాత్రం వేటకు అనుమతి ఇచ్చారు.

కాబట్టి ఎలుగులు పెరిగాయన్న వేటగాళ్ళ మాటలో కొంత నిజం వుంది. కానీ ఎంత పెరిగాయో చెప్పవలసింది భయం కాదు, లెక్క. ఒక్క ఎలుగునూ ముట్టరాదనేవారూ, కనిపించినదాన్నల్లా కాల్చాలనేవారూ, ఇద్దరూ లెక్క చూడకుండానే తీర్పు చెబుతున్నారు. పైగా తుపాకి కన్నా ముందు చేయదగిన పనులున్నాయి. డబ్బాను ఎలుగుకు అందనంత ఎత్తున వేలాడదీయవచ్చు. గింజలు పోయటం మాని జింకలు మేసే పైరు వేయవచ్చు. మనిషి పెట్టిన తిండి మరిగిన ఎలుగు మనిషికి భయపడటం మానేస్తుంది. చివరకు ప్రాణం పోయేది దానికే.

మన శ్రీకాకుళం ఉద్దానం తోటల్లో తిరిగే ఎలుగు వేరే జాతిది. చెదలు, పళ్ళు దాని ఇష్టమైన ఆహారం. అక్కడ మనుషుల ప్రాణాలు కూడా పోయాయి గనుక, ఆ సమస్య ఇంకా బరువైనది. అయినా “ఎలుగుల బెడద పెరిగింది” అనే వార్త చదివినప్పుడు మీరూ ఈ రెండు ప్రశ్నలూ అడగండి. ఎందుకు వచ్చింది? ఎన్ని వున్నాయి? చూడటం అందరూ చేస్తారు. చూసినదాన్ని లెక్కపెట్టినప్పుడే అది విజ్ఞానం అవుతుంది.