చిన్నోళ్ళకి మొదటి ఆట ఏది?

సెలవులకు ఇంటికెళ్తే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ముందు ఫోనే అడుగుతారు. చాలామంది అన్నలు తాము ఆడే తుపాకీ ఆటే పెట్టి ఇచ్చేస్తారు. ఇది సరికాదని నా అభిప్రాయం.

చిన్నోళ్ళకి చదవడం రాదు. కనుక అక్షరాలతో పనిలేని ఆట కావాలి. సోవియట్ రష్యాలో అలెక్సీ పజిత్నోవ్ తయారుచేసిన టెట్రిస్ అట్లాంటిదే. పైనుంచి ముక్కలు పడతాయి, తిప్పి వరుస నింపాలి, అంతే. పోను పోను వేగం పెరుగుతది కాబట్టి బడికెళ్ళే వయసు వాళ్ళకి నయం. ఇంకా చిన్నపిల్లలకి ముక్కలు కలిపి బొమ్మ చేసే ఆట చాలు.

ఉచితం అన్న ఆటలతోనే జాగ్రత్త! మధ్యలో ప్రకటన వస్తది, చిన్నోడు నొక్కుతాడు, ఇంకేదో దిగుతది. అందుకే నెట్ ఆపి చూడండి. అప్పుడు నడిచే ఆటే ఉంచండి. (సిగ్నల్ కోసం గుట్టెక్కే ఊళ్ళకి ఈ బాధే లేదు!)

రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకి రోజుకు గంట మించి తెర వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అమ్మానాన్న పోడు పనికి పోతే ఆ గంట లెక్కపెట్టేదెవరు? పక్కన కూర్చోవలసింది మనమే. పులి-మేక ఆటలో ఎత్తు నేర్పినట్టే ఇదీ నేర్పాలి.

వార్డెన్ గారికి మనవి: సెలవులకు ముందు ఒక సాయంత్రం కంప్యూటర్ గదిలో ఇట్లాంటి ఆటలు చూపించండి.

– 9వ తరగతి విద్యార్థిని