కొత్త ఇంటికి నట్టిల్లు లేదు

న్యూఢిల్లీ నగరానికి తొలి నమూనా గీసినప్పుడు అందులో పార్లమెంట్ భవనం ఊసే లేదు. 1919 సంస్కరణలతో కేంద్రంలో రెండు సభలు ఏర్పడ్డాకే దాని అవసరం వచ్చింది. మూడు మూలల భవనం కట్టాలన్నారు రూపశిల్పి హెర్బర్ట్ బేకర్. గుండ్రంగానే ఉండాలని పట్టుబట్టారు ఆయన సహచరుడు ఎడ్విన్ లుటియన్స్. చివరికి లుటియన్స్ మాటే నెగ్గింది. 1921లో శంకుస్థాపన జరిగింది. 83 లక్షల రూపాయల ఖర్చుతో పూర్తయిన భవనాన్ని 1927 జనవరి 18న వైస్రాయ్ ఇర్విన్ ప్రారంభించారు.

బయటి నుంచి చూస్తే 144 స్తంభాల వలయం. లోపల మాత్రం ఎవరి గది వారిదే: శాసనసభకు ఒకటి, ఎగువ సభకు ఒకటి, సంస్థానాధీశులకు మరొకటి. మధ్యలో గుమ్మటం కింద ఉన్నది గ్రంథాలయం. 1946లో దాన్నే సమావేశ మందిరంగా మార్చారు. ఆ ఏడాది డిసెంబర్ 9న రాజ్యాంగ సభ తొలిసారి కొలువుతీరింది అక్కడే. సంస్థానాధీశుల గదిలో 1950లో సుప్రీంకోర్టు మొదలై 1958 దాకా నడిచింది.

తర్వాతి దశాబ్దాల్లో ఆ సెంట్రల్ హాల్ భవనానికి నట్టిల్లయింది. సభలో నువ్వా నేనా అని తలపడ్డవారు ఇక్కడ పక్కపక్కనే కూర్చుని కాఫీ తాగేవారు. మాజీ సభ్యులు, సీనియర్ పాత్రికేయులు కూడా ఆ కబుర్లలో కలిసేవారు. అలాంటి చోటు ఎంత అవసరమో తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. రాష్ట్ర విభజన బిల్లుపై 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో ఆవేశాలు మిరియాల స్ప్రే చల్లేదాకా వెళ్లాయి. ఐదు రోజుల తర్వాత టీవీ ప్రసారం ఆగిపోయిన సభలో మూజువాణి ఓటుతో బిల్లు గట్టెక్కింది. హైదరాబాద్‌లో సంబరాలు, సీమాంధ్రలో నిరసనలు. ఒకే గది ఒకరికి గెలుపు, మరొకరికి గాయం.

2023 సెప్టెంబర్ 19న ఉభయ సభలూ పక్కనే కట్టిన కొత్త భవనంలోకి మారాయి. పాత భవనం సంవిధాన్ సదన్ అయింది. కొత్త లోక్‌సభలో 888 సీట్లున్నాయి. భవిష్యత్తులో సభ్యులు పెరిగితే చోటు కావాలి గనుక ఆ విస్తరణను తప్పుపట్టలేం. కానీ అందులో సెంట్రల్ హాల్ లేదు. ఉభయ సభలు కలిసి కూర్చోవాలంటే లోక్‌సభ మందిరమే దిక్కు. కూర్చోవడానికి అది చాలు. బద్ధవిరోధులు తీరిగ్గా ఎదురుపడి మాట్లాడుకోవడానికే చోటు కరవైంది. పాత హాలు తలుపులు ఇప్పుడు రాజ్యాంగ దినోత్సవం లాంటి వేడుకలకు తెరుచుకుంటున్నాయి.