హైదరాబాద్ ఓడింది 1948లో కాదు

ఏటా సెప్టెంబర్ 17 వస్తే 1948లో హైదరాబాద్‌కు జరిగింది విమోచనమా, విలీనమా, విద్రోహమా అన్న రగడ మామూలే. కొన్నేళ్లుగా దానికి ఇంకో వాదన తోడైంది. పటేల్ వాస్తవికవాది కాబట్టి హైదరాబాద్ దక్కిందట, నెహ్రూ ఉదారవాది కాబట్టి కశ్మీర్ చిక్కుల్లో పడిందట. టీవీ చర్చల్లోనూ సంపాదకీయ పేజీల్లోనూ ఈ మాట ఇంత ధీమాగా తిరుగుతుంటే, అంతర్జాతీయ సంబంధాలను చదువుకున్నవాడిగా ఊరుకోవడం నావల్ల కావడం లేదు. వాస్తవికవాదం నాయకుడి తెగువను కొలిచే సిద్ధాంతం కాదు. రాజ్యాల మీద మరో అధికారం లేనప్పుడు ప్రతి రాజ్యమూ తన భద్రతను తానే చూసుకోవాలి, ఆ ప్రయత్నంలో బలాబలాలే చివరి మాట చెబుతాయి అన్నది దాని సారం. ఒప్పందాలు, సంస్థలు, వ్యాపారం ఆ బలాన్ని అదుపులో పెట్టగలవన్నది ఉదారవాదం. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడానికి హైదరాబాద్ కన్నా మంచి కేసు మన నేల మీద లేదు. కాకపోతే అది 1948 నాటి సైనిక చర్య ఆపరేషన్ పోలోతో మొదలవదు.

అది మొదలయ్యేది రాయలసీమలోని మా యాడికి ప్రాంతం చేతులు మారిన కాగితంతో. 1795లో ఖర్దా దగ్గర మరాఠాల చేతిలో నిజాం చిత్తుగా ఓడాడు. ఈస్టిండియా కంపెనీ తటస్థంగా ఉండిపోయింది. ఒంటరిగా నిలబడలేనని నిజాంకు తేటతెల్లమైంది. 1798లో ఫ్రెంచి అధికారుల కింద ఉన్న పటాలాన్ని రద్దుచేసి కంపెనీ సైన్యాన్ని పెట్టుకున్నాడు. ఆ సైన్యం ఖర్చు కింద 1800 అక్టోబర్ 12న ఇంకో ఒప్పందం రాసి, 1792లోనూ 1799లోనూ మైసూరు నుంచి తన వాటాగా వచ్చిన భూములను శాశ్వతంగా ఇచ్చేశాడు. బళ్లారి, కడప, గుత్తి, తాడిపత్రి, వాటి మధ్యనున్న యాడికి అలాగే దత్త మండలాలయ్యాయి. థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా దిగాడు. ఇక్కడి రైతును ఎవరూ అడగలేదు.

చరిత్ర పుస్తకాలు భూమి సంగతి చెప్పి ఆగిపోతాయి. అదే ఒప్పందంలో భూమికన్నా విలువైనది ఇంకొకటి పోయింది. కంపెనీకి ముందుగా తెలపకుండా, దానితో సంప్రదించకుండా నిజాం మరే రాజ్యంతోనూ మంతనాలు జరపకూడదన్న షరతు అందులో ఉంది. విదేశాంగాన్ని పక్కవాడి అనుమతికి కట్టేసుకున్న రాజ్యం పూర్తి సార్వభౌమ రాజ్యం కాదు. బేరార్ ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని నిజాం పట్టుబట్టినప్పుడు వైస్రాయ్ రీడింగ్ 1926లో లేఖ రాసి ఈ సంగతినే మొహం మీద చెప్పాడు. బ్రిటిష్ ప్రభుత్వంతో సరిసమానంగా కూర్చుని బేరమాడే హక్కు ఏ సంస్థానాధీశుడికీ లేదని ఆ లేఖ భావం.

1948 నాటి న్యాయవివాదమంతా ఈ ముడి మీదే నడిచింది. ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. అందుకు ఆధారం ఐరాస చార్టర్ 35వ అధికరణంలోని రెండో క్లాజు. సభ్యత్వం లేని రాజ్యమైనా, శాంతియుత పరిష్కార బాధ్యతలను ముందే ఒప్పుకుంటే, తన వివాదాన్ని మండలి ముందు పెట్టవచ్చు. అయితే అది రాజ్యమై ఉండాలి. 1947 భారత స్వాతంత్ర్య చట్టం ఏడో సెక్షన్ బ్రిటిష్ పరమాధికారాన్నీ పాత ఒప్పందాలనూ రద్దు చేసింది కదా, అంటే 1800లో పోయింది తిరిగొచ్చినట్టే కదా అన్నది హైదరాబాద్ వాదన. తేలిగ్గా కొట్టిపారేయదగ్గ వాదన కాదది. కానీ 1947 నవంబర్ 29న అదే నిజాం భారత్‌తో యథాతథ ఒప్పందం మీద సంతకం పెట్టాడు. విదేశాంగం, రక్షణ, రవాణా తదితర ఉమ్మడి వ్యవహారాల్లో ఆగస్టు 15కు ముందున్న ఏర్పాట్లే కొనసాగుతాయని దాని మొదటి అధికరణం. చట్టం విప్పిన కట్టును మూడున్నర నెలలకే నిజాం తన చేత్తో మళ్లీ బిగించుకున్నాడు.

అదే ఒప్పందం నాలుగో అధికరణంలో మధ్యవర్తిత్వం ఉంది. వివాదం వస్తే చెరొక మధ్యవర్తి, వారిపైన ఒక అంపైర్. ఉదారవాదులు కోరుకునేది సరిగ్గా ఇలాంటి ఏర్పాటునే. ఆర్థిక దిగ్బంధం అని హైదరాబాద్, నిజాం పక్షాన పోరాడిన రజాకార్ల ఆగడాలు, పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల సెక్యూరిటీల రుణం అని ఢిల్లీ ఏడాది పొడవునా దెబ్బలాడుకున్నా, ఆ మధ్యవర్తిత్వం ఒక్కసారీ జరగలేదు. గెలుస్తానని తెలిసినవాడికి మూడో మనిషి తీర్పు అక్కర్లేదు మరి.

సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి సమావేశమైంది. హైదరాబాద్ తరఫున మొయిన్ నవాజ్ జంగ్, భారత్ తరఫున కర్నూలులో పుట్టిన ఆర్కాట్ రామస్వామి మొదలియార్. అంశాన్ని ఎజెండాలో చేర్చడానికి ఎనిమిది ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఒక్కటీ లేదు. సోవియట్ యూనియన్, ఉక్రెయిన్, చైనా తటస్థం. మర్నాడు సాయంత్రానికి హైదరాబాద్‌లో కాల్పులు ఆగిపోయాయి. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నిజాం నుంచి తంతి. అది ఒత్తిడి మీద ఇప్పించిందని ప్రతినిధి బృందం మొత్తుకుంది. ఇక మండలిలో చర్చ వీళ్లకు నిజాం తరఫున మాట్లాడే అధికారం ఉందా లేదా అన్నదాని మీదికి మళ్లింది. ఏ తీర్మానమూ రాలేదు. తలుపు తీయడానికి ఎనిమిది చేతులు లేచాయి, లోపలికొచ్చినవాణ్ని ఆదుకోవడానికి ఒక్కటీ లేవలేదు. వాస్తవికవాదానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

నెహ్రూ-పటేల్ కథ ఇక్కడే కూలిపోతుంది. ఆ ఏడాది జనవరి 1న కశ్మీర్ విషయంలో చార్టర్ 35వ అధికరణం కిందే మండలికి వెళ్లిందీ, ఎనిమిది నెలల తర్వాత హైదరాబాద్‌కు ఆ అర్హత లేదని వాదించిందీ ఒకే ప్రభుత్వం, ఒకే మంత్రివర్గం. తేడా పరిస్థితుల్లో ఉంది. కశ్మీర్‌కు అవతల పాకిస్తాన్ సైన్యం ఉంది. హైదరాబాద్‌కు సముద్రం లేదు, సరిహద్దు మిత్రుడు లేడు, నాలుగు దిక్కులా భారతే.

మరి బలమే అంతా అయితే ఢిల్లీ ఒప్పందాలు రాసుకోవడం, శ్వేతపత్రం వెయ్యడం, 1949 నవంబర్‌లో రాజ్యాంగాన్ని ఆమోదిస్తూ నిజాం చేత ఫర్మానా ఇప్పించడం ఎందుకని ఉదారవాద మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. బలవంతుడికీ తక్కువ ఖర్చులో గెలుపు కావాలి, చట్టం ఆ ఖర్చు తగ్గిస్తుంది. నాకు కనిపించే జవాబు అదే. చట్టానికి విలువ లేదని నేననడం లేదు, ఆ విలువ ఎవరి చేతిలో ఎంతో చూడమంటున్నాను.

వాస్తవికవాదాన్ని పొగడ్తగా వాడేవాళ్లతో నా తగవు ఇంకొకటుంది. హాన్స్ మోర్గెంథావ్ పుస్తకం ‘పాలిటిక్స్ అమాంగ్ నేషన్స్’ అచ్చయిందీ 1948లోనే. బలంతో పాటు ఫలితాలను ముందే తూచే వివేకం కూడా అతని దృష్టిలో రాజకీయ ధర్మమే. పోలో వెనుక జరిగిన హత్యాకాండను పరిశీలించిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువ అంచనాగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని ప్రభుత్వానికి చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు ప్రజల కంట పడనివ్వలేదు. ఆ జనం నిజాం సైన్యం కాదు. లొంగిపోయిన రాజ్యంలో వాళ్ల చావు ఎవరి భద్రతకూ పనికిరాలేదు. సెప్టెంబర్ 17న పటేల్‌ను వాస్తవికవాది అని కీర్తించేవాళ్లు యథాతథ ఒప్పందం నాలుగో అధికరణానికీ ఈ నివేదికకూ కూడా జవాబు చెప్పాలి. 1800 నాటి ఆ షరతును చదవకుండా నిజాం సార్వభౌమత్వం గురించి కన్నీళ్లు పెట్టేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.