ఎనిమిదవ సైకిలు

సైకిలు మాకు బాల్యం నుండీ సుపరిచితమే. కానీ గడచిన మే నెలలో అనంతగిరి కొండలపై మా పూర్వ విద్యార్థులు మా చేతికిచ్చినది వేరొక జాతి వాహనం. వెడల్పైన గరుకు టైర్లు, కుదుపును మ్రింగివేసే ముందు సస్పెన్షను, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు. యాభై దాటిన వయసులో దానిని ఎక్కడానికి మొదట సిగ్గుపడిన మాట దాచనవసరం లేదు.

వికారాబాదు చెంతనున్న ఈ కొండలలోనే మన మూసీ నది జన్మిస్తుంది. వేసవిలో చూచినవారికి ఆ సంగతి నమ్మశక్యం కాదు. నేలనిండా ఎండుటాకులు, వాటి క్రింద కాలు నిలువనివ్వని ఎర్రని గులకరాళ్లు. ఫజ్ర్ నమాజు ముగించుకొని ఎనిమిదిమందిమి బయలుదేరాము.

దారిలో పాఠం చెప్పినవారు శిష్యులు, విన్నది మేము. టైరులో గాలి కాస్త తగ్గిస్తే అది రాతిని పట్టుకుంటుందట. ఎత్తు రాకముందే గేరు మార్చుకోవాలి. ఎక్కుతూ బలవంతాన మారిస్తే చైను జారుతుంది. దిగేటప్పుడు సీటు నుండి లేచి శరీరాన్ని వెనుకకు జరపాలి. ముందు బ్రేకును ఒక్కసారిగా బిగిస్తే మనిషి హ్యాండిలు మీదుగా ఎగిరిపడతాడు. చూపు చక్రంపై కాదు, పోవలసిన దారిపై ఉండాలి.

8 గంటలకే ఎండ ముదిరింది. ఏటవాలు వద్ద ముందున్న ముగ్గురు మలుపు తిరిగి కనుమరుగైనారు. మేమూ వారి వెంటపడ్డాము. వయసు అడ్డం కాదని చూపించుకోవాలన్న తాపత్రయమే తప్ప దానికి మరొక కారణం లేదు. పైకి చేరి లెక్కించగా ఏడుగురమే ఉన్నాము.

వెనుకకు దిగి చూస్తే అందరిలో చిన్నవాడు చెట్టు మొదట కూలబడి ఉన్నాడు. ముఖం పాలిపోయింది, ఒళ్లంతా చల్లని చెమట.

“నీళ్లెప్పుడు అయిపోయాయి బాబూ?”

“చాలాసేపైంది హజ్రత్. నాకోసం మీరంతా ఆగవలసి వస్తుందని చెప్పలేదు.”

నీడలో పడుకోబెట్టి, కాళ్లు ఎత్తున ఉంచి, మెడపై తడిగుడ్డ వేశాము. మిగిలిన నీటిలో ఓఆర్ఎస్ కలిపి గుక్కగుక్కగా త్రాగించాము. అరగంటకు తేరుకున్నాడు. మాట తడబడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. వెంటనే ఒళ్లంతా చల్లబరుస్తూ ఆసుపత్రికి చేర్చాలి. ఆ కొండదారిన అదెంత సేపటి పనో తలచుకుంటే ఇప్పటికీ గుండె జారుతుంది. మూడు గంటల ప్రయాణానికి మనిషికొక్క లీటరు సీసా చాలునని నిర్ణయించినది మేమే. అటువంటి ఎండలో కొండ ఎక్కేవానికి అది సగం దారికైనా చాలదు.

తరగతిలో చివరి వరుసన కూర్చుని, అర్థం కాకున్నా తల ఊపే పిల్లలు ఆనాడు వరుసగా కళ్లముందు మెదిలారు. ఎందరిని అలా దాటిపోయామో!

దిగేటప్పుడు ఆ కుర్రవానినే ముందుంచాము. అతని వేగమే అందరి వేగం. రెట్టింపు సమయం పట్టింది. ప్రతి మలుపులోనూ వెనుదిరిగి “మాఫ్ కర్‌నా హజ్రత్” అంటూనే ఉన్నాడు. మావైపు కాదు, దారివైపు చూడమని గట్టిగా కేకవేశాము.