మాట పుట్టుక: పై పెట్టెలో అక్షరాలు

మీరు బచ్చన్నపేట బడిలో చదువుతున్నారనుకోండి. వూరి పేరు తెలుగులో వ్రాయమంటే బ, చ్చ, న్న, పే, ట అని అయిదు అక్షరాలు వ్రాసేస్తారు. అన్నీ ఒకే రకం. అదే ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు మొదటి "బి" చిన్నది వేశారో, మాస్టారు ఎర్రసిరాతో సున్న చుడతారు. మార్కు పోతుంది! "మన భాషకు పెద్ద అక్షరాలు ఎందుకు లేవు? మనది తక్కువా?" అని మీకు అనుమానం రావచ్చు. ముందు ఆ పెద్ద అక్షరాల పేర్ల సంగతి వినండి.

వాటిని "కాపిటల్" అక్షరాలంటారు. లాటిన్ భాషలో "కాపుట్" అంటే తల. వాక్యానికి తలలాగా ముందు నిలిచేది గనక ఆ పేరు. రాజధానిని కాపిటల్ అనటానికీ ఆ తలే కారణం. మనకూ తలకట్టు వున్నది గాని, అది అక్షరం నెత్తిన వుంటుంది, వాక్యం నెత్తిన కాదు.

రెండో పేరు "అప్పర్ కేస్". కంప్యూటరు పాస్‌వర్డు అడిగేటప్పుడు ఈ మాట కనిపిస్తుంది. ఇది కోర్టు కేసు కాదు సుమా! ఈ "కేస్" లాటిన్‌లో పెట్టె అని అర్థమిచ్చే "కాప్సా" నుంచి వచ్చింది. అది అచ్చాఫీసు పెట్టె.

కంప్యూటర్లు రాకముందు సీసంతో పోత పోసిన అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, పేర్చి, పుస్తకాలు అచ్చువేసేవారు. ఆ పేర్చే మనిషి కంపోజిటరు. అతని ముందు గళ్ళు గళ్ళుగా వున్న రెండు చెక్కపెట్టెలు, ఒకదానిపై ఒకటి ఏటవాలుగా వుండేవి. మాటిమాటికీ కావలసిన చిన్న అక్షరాలు చేతికందే క్రింది పెట్టెలో వుండేవి. అందులో "ఇ" అక్షరం గది అన్నిటికన్న పెద్దది, దానితో పని ఎక్కువ గనక. అడపాదడపా కావలసిన పెద్ద అక్షరాలు పై పెట్టెలో వుండేవి. అవి పైకెక్కింది గొప్పతనంవల్ల కాదు, పని తక్కువ కావటంవల్ల!

తెలుగు కంపోజిటరుకు ఈ రెండు పెట్టెలు ఏ మూలకూ చాలవు. గుణింతాలెన్ని, ఒత్తులెన్ని! మీ వూరి పేరులోనే చ ఒత్తు, న ఒత్తు, పకు ఏత్వం వున్నాయి. ఏ ముక్క ఏ గడిలో వున్నదో అతనికి కంఠతా రావాలి.

అసలు పూర్వం రోమనులు రాళ్ళమీద చెక్కినవన్నీ పెద్ద అక్షరాలే. 113వ సంవత్సరంలో రోములో నిలిపిన ట్రాజన్ స్తంభం మీది శాసనం అటువంటిదే. కలంతో గబగబా వ్రాసేవారి చేతిలో చిన్న అక్షరాలు తరవాత తయారైనాయి.

మన అక్షరాలు అలా రెండు జట్లు కాలేదు. కొలనుపాకలో చాళుక్యుల, కాకతీయుల కాలపు శాసనాలున్నాయి. వాటిలో రాజు పేరుకూ పెద్ద అక్షరం లేదు. ఆ కాలంలో రాజును గొప్ప చెయ్యాలంటే పేరుకు ముందు "శ్రీ" పెట్టి, బారెడు బిరుదులు తగిలించేవారు. హిందీకీ, తమిళానికీ, అరబ్బీకీ కూడా పెద్ద అక్షరాలు లేవు.

జర్మనుల పద్ధతి మరీ విచిత్రం. మనుషుల పేర్లకే కాదు, బల్లకూ, కుక్కకూ, చెప్పుకూ కూడా మొదట పెద్ద అక్షరం పెట్టాల్సిందే. ఇక అక్కడి మాస్టార్లకు ఎర్రసిరా ఎంత ఖర్చో!