పెద్దవాళ్ల గ్యాడ్జెట్‌కి స్పెక్స్ ఒక్కటే చాలవు

అమ్మానాన్నల కోసం ఏ గ్యాడ్జెట్ కొనాలని అడిగేవాళ్లకి నేను ముందు స్పెక్స్ చెప్పను. జేమ్స్ రైట్ అనే పరిశోధకుడు పీహెచ్‌డీ కోసం జపాన్‌లోని ఓ వృద్ధుల సంరక్షణ కేంద్రంలో రోబోల వాడకాన్ని దగ్గరుండి గమనించారు. మనుషుల్ని పైకి లేపే ‘హగ్’ని గది గదికీ తోసుకెళ్లడానికే టైమ్ పోతోందని సిబ్బంది కొద్దిరోజుల్లోనే పక్కన పెట్టేశారు. ‘పెప్పర్’ వ్యాయామం చేయిస్తుంటే పక్కన ఓ మనిషి కూడా చేసి చూపించాల్సి వచ్చింది. పని తగ్గకపోగా పెరిగింది. రోబోలు జపాన్‌ని గట్టెక్కించవన్నదే 2023లో వచ్చిన ఆయన పుస్తకం పేరు.

మన ఇళ్లలో స్మార్ట్‌వాచ్ అయినా అంతే. కింద పడితే అలర్ట్ పంపుతుంది, సరే. మర్చిపోకుండా చార్జింగ్ పెట్టేదెవరు? అలర్ట్ వస్తే పరిగెత్తేదెవరు? ఈ రెండు పేర్లూ తేలాకే కార్ట్‌లో వేయండి.